వేరు చిత్రంలో కొలత ఎంత, ఊహ ఎంత?

బెట్టను తట్టుకొనే వంగడాల ఎంపికలో వేరు వ్యవస్థ నిర్మాణానికి నానాటికీ ప్రాధాన్యం పెరుగుతున్నది. మట్టిని కదపకుండా కుండీలోని వేళ్ళను పరిశీలించడానికి ఎక్స్‌రే సీటీ పద్ధతి తోడ్పడుతున్నది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం ఇటువంటి పరిశోధనలకై నెలకొల్పిన కేంద్రానికి, సీటీ రూపకల్పనకు 1979లో నోబెల్ బహుమతిని పంచుకొన్న హౌన్స్‌ఫీల్డ్ పేరు పెట్టారు. కంప్యూటరు తెరపై కనిపించే త్రిమితీయ వేరు చిత్రం ఎవరినైనా ఆకట్టుకొంటుంది. కాని ఆ చిత్రం నుండి రాబట్టిన ప్రతి అంకెనూ కొలతగా స్వీకరించడం సరికాదని నా అభిప్రాయం.

ఈ పద్ధతిలో మనకు లభించేది అడ్డుకోతల వరుస. ప్రతి కోతలోనూ వేరు చుట్టూ సరిహద్దు రేఖను గుర్తించి, పక్కపక్కనున్న రెండు రేఖల మధ్య త్రిభుజాలు పరచి ఉపరితలాన్ని నిర్మించడం ఒక విధానం. ఒక రేఖపై 20, మరొక రేఖపై 30 బిందువులుంటే 50 త్రిభుజాలు కావాలి. వాటిని అమర్చగల తీరులు అనేకం. 1975లో కెపెల్ ఘనపరిమాణం గరిష్ఠంగా ఉండే అమరికను ఎన్నుకొన్నారు. 1977లో ఫుక్స్, కెడెమ్, యూసెల్టన్ ఉపరితల వైశాల్యం కనిష్ఠంగా ఉండే అమరికను ఎన్నుకొన్నారు. వేరు పరిశోధనలో మనం నివేదించే లక్షణాలు కూడ ఘనపరిమాణం, ఉపరితల వైశాల్యమే. అనగా, ఎన్నుకొన్న నియమమే ఫలితాన్ని ఒక వైపునకు మొగ్గజూపగలదు.

శాఖల విషయంలో చిక్కు మరింత జటిలం. పై కోతలో ఒక వలయం, కింది కోతలో రెండు వలయాలు ఉన్నప్పుడు వేరు ఏ లోతులో చీలినదో కోతలు చెప్పవు. రెండు వేళ్ళు తాకి విడిపోయిన చోట ఏ వలయం ఏ వేరుకు చెందినదో పొరబడితే లేని శాఖ పుట్టుకొస్తుంది. కోతల మధ్య దూరం 1 మిల్లీమీటరు ఉన్నచోట, 0.5 మిల్లీమీటరు మందంతో అడ్డంగా సాగే వేరు రెండు కోతల నడుమ మరుగుపడవచ్చు. నిలువుగా దిగే అదే మందం వేరు మాత్రం వరుసగా ప్రతి కోతలోనూ కనిపిస్తుంది. ఆ లెక్కను నమ్మితే, పైపొరలో విస్తరించే వేళ్ళున్న వంగడానికి అన్యాయం జరుగుతుంది.

1987లో లోరెన్సన్, క్లైన్ ప్రకటించిన మార్చింగ్ క్యూబ్స్ పద్ధతికి కోతల రేఖలను జతపరచే పని లేదు. అయినా ఏ విలువ వద్ద వేరు ముగిసి మట్టి మొదలగునో ముందే నిర్ణయించాలి. తడి మట్టి, సేంద్రియ పదార్థం, వేరు ఎక్స్‌రే చిత్రంలో దాదాపు ఒకే ఛాయలో కనిపించవచ్చు. కనుక నిర్ణయం తప్పలేదు. దాని చోటు మాత్రమే మారినది.

ఈ పద్ధతిని విడనాడాలని నేను అనడం లేదు. కోతల మధ్య దూరాన్ని, రేఖలను కలిపిన నియమాన్ని, ఎంచుకొన్న హద్దు విలువను ప్రతి వ్యాసంలోనూ పేర్కొనాలి. కొన్ని కోతలను పక్కన పెట్టి, మిగిలిన వాటితో ఉపరితలాన్ని నిర్మించి, పక్కన పెట్టిన కోతలతో సరిపోల్చాలి. కొన్ని కుండీలలోనైనా వేళ్ళను కడిగి, పొడవును, శాఖల సంఖ్యను స్వయంగా లెక్కించాలి. విద్యార్థులు తుది చిత్రంతోపాటు మూల కోతలను కూడ భద్రపరచాలి. మన సిఫారసును నమ్మి విత్తనం వేసే రైతుకు, అందులో ఎంత భాగం కొలతో, ఎంత భాగం ఊహో తేల్చి చెప్పవలసిన బాధ్యత మనదే.