నూనె మూలం అడగాల్సిందే

నదీమూలం, ఋషిమూలం అడగకూడదంటారు పెద్దలు. ఈమధ్య ఆ వరసలో నూనె మూలం కూడా చేరినట్టుంది. పామాయిల్ ప్యాకెట్ ఒకటి తిరగేసి చూడండి. ధర ఉంటుంది, తేదీ ఉంటుంది, ప్యాక్ చేసిన కంపెనీ చిరునామా ఉంటుంది. ఆ గెలలు ఏ నేలలో కాశాయో మాత్రం ఉండదు.

"మా ఇంట్లో పామాయిల్ వాడమండీ" అనకండి. పిల్లల బిస్కెట్లలో, నూడుల్స్‌లో, మిక్చర్ పొట్లంలో, ఒంటి సబ్బులో అదే. ప్రపంచంలో పామాయిల్ అందరికన్నా ఎక్కువ దిగుమతి చేసుకునేది మన దేశమే. అందులో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. అక్కడ అడవులు కొట్టేసి వేసిన తోటలున్నాయి, ఏ అడవినీ ముట్టుకోని పాత తోటలూ ఉన్నాయి. ఏది ఏదో తెలియాలంటే మూలం తెలియాలి కదా! ముడినూనె ఓడల్లో కాకినాడ, కృష్ణపట్నం లాంటి రేవులకొచ్చి, శుద్ధయి, ప్యాకెట్లలోకి ఎక్కేసరికి పుట్టింటి పేరు పోయి అత్తింటి పేరే మిగులుతుంది.

జూన్ 5 వచ్చిందంటే మా సైనిక్‌పురి వైపు కాలనీల్లో ఉపన్యాసాలే ఉపన్యాసాలు. "మార్పు వంటింట్లోంచే మొదలవ్వాలమ్మా" అంటారు. గుడ్డసంచీ పట్టుకెళ్తున్నాం, తడిచెత్త పొడిచెత్త వేరు చేస్తున్నాం. ఇంట్లోంచి బయటికెళ్ళే చెత్తకి మనం లెక్క చెప్పాలి. ఇంట్లోకొచ్చే సరుకుకి లెక్క చెప్పేవాళ్ళు మాత్రం లేరు. ఇదెక్కడి న్యాయం?

అడిగితే "మన దేశంలో అందరూ చిన్న రైతులు, ఎవరి పంట ఎక్కడిదో ఎలా చెప్తాం?" అంటారు. ద్రాక్షకి ఎలా చెప్పారు మరి? 2003లో మన ద్రాక్షలో పురుగుమందుల అవశేషాలున్నాయని నెదర్లాండ్స్‌లో పట్టుకున్నారు. దాంతో 2006లో అపెడా సంస్థ గ్రేప్‌నెట్ అనే ఏర్పాటు తెచ్చింది. ఎగుమతి చేసే ప్రతి తోటకీ ఒక నమోదు సంఖ్య, పండుకి పరీక్ష. పెట్టె మీద నంబరు పట్టుకుంటే తోట దాకా వెళ్ళొచ్చు. అవీ చిన్న రైతుల తోటలే. యూరప్ వాళ్ళు తినే పండుకి చిరునామా ఉంది, ఏఎస్ రావు నగర్ బండి మీద మనం కొనే పండుకి లేదు. చేతకాక కాదు, మనం అడగలేదని.

యూరప్ 2023లో ఇంకో చట్టం చేసింది. పామాయిల్, కాఫీ, కోకో లాంటివి అక్కడ అమ్మాలంటే పండిన చేను మ్యాపులో చూపించాలి. అది 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేల కాకూడదు. అమలు వాయిదాలు పడుతూ వచ్చింది గానీ, కొనేవాళ్ళకి అడిగే హక్కుందని చట్టం ఒప్పుకుంది.

మన దగ్గర ఇంకా సులువు. 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకి వెళ్ళాలో నిర్ణయిస్తారు. అశ్వారావుపేట ఫ్యాక్టరీలో రైతు గెలలు తూకమేసి డబ్బు కట్టాలంటే పేరూ ఊరూ రాసుకోవాల్సిందే. లెక్క పుస్తకంలో ఉన్నది ప్యాకెట్ మీదికి రాదు, అంతే.

మన నేలలో పండితే ఇక అడగక్కర్లేదనీ కాదు. 2021లో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ పెట్టింది. ఈ చెట్టు నీళ్ళు బాగా తాగుతుంది. ఏ మండలంలో ఎంత బోరు నీరు తోడి పండించారో తెలుసుకోవద్దా?

"ఆడవాళ్ళు ధరే చూస్తారు" అనే మాట ఇంకొకటి. కందిపప్పు తాండూరుదా అని, మిరపకాయలు గుంటూరువా అని అడిగేది ఎవరండీ? ఊరి పేరు చెప్తే సరుకు అమ్ముడుపోతుందంటే పెద్దక్షరాల్లో వేస్తారు. చెప్తే ప్రశ్నలొస్తాయంటే దాచేస్తారు. అసలు తేడా అక్కడుంది.

నాలుగు చోట్ల నూనె ఒకే ట్యాంకులో కలుస్తుందంటారా, ఆ నాలుగు పేర్లూ వేయండి. ఖర్చంటారా, ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు ఇప్పటికే ఉంది. దానికి తోడు ముడినూనె ఏ దేశానిదో, ఏ మిల్లుదో ఒక్క వరస చాలు. ఆహార భద్రతా సంస్థ దీన్ని నియమం చేయాలి. అందాకా ప్రతి ప్యాకెట్ మీదా వినియోగదారుల ఫోన్ నంబరు ఉంటుంది కదా, ఈ వారం తలా ఒక ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడుగుదాం: "ఈ నూనె ఎక్కడ పుట్టింది?" వాళ్ళు చెప్పలేకపోతే, ఇంకోసారి మనకి పర్యావరణ పాఠాలు చెప్పొద్దనండి.