ఇంజనుకు ఒకే రంగు ఉండదు

పోయిన నెల పిల్లల సెలవుల గురించి రాసినాక, మన లైన్లలో ఇద్దరు ముగ్గురు అక్కయ్యలు అడిగినారు: "మావాడు పొద్దస్తమానం విమానం బొమ్మలు అతికిస్తా కూర్చుంటాడన్నా, డబ్బు దండగ కదా?" దండగ అని నేననను. చేసేది సక్కంగా చెయ్యమనండి.

బెంగళూరు పిల్లోడు చేస్తే మారుత్ చెయ్యాల. మన హెచ్.ఏ.ఎల్.లో పుట్టిన జెట్టు అది. జర్మనీ ఇంజనీరు కుర్ట్ టాంక్ గీసిచ్చినాడు, 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది. మొత్తం 147 చేసినారు. 1971 యుద్ధంలో కూడా పనిచేసింది. లోపల రెండు ఆర్ఫియస్ ఇంజన్లు. దాని ఒంటికి తగినంత బలమైన ఇంజను చివరిదాకా దొరకలేదు, అదే దాని ఖర్మ. అట్లాంటి విమానానికి పిల్లోళ్ళు ఇంజను దగ్గర వెండిరంగు ఒక్కటి పూసి వదిలేస్తారు. పెళ్ళిపందిట్లో జరీకాగితం మాదిరి మెరుస్తాది.

ఇనుము అట్లుంటుందా? మిల్లులో రింగ్ ఫ్రేము దగ్గర నిలబడినోళ్ళకు తెలుసు. నూలు ఒరుసుకునే చోట అద్దం మాదిరి, గేర్ల పక్క నూనె, దూది కలిసి నల్లగా, చెయ్యి తగలని మూల బూడిదరంగు. ఒకే మిషను, మూడు రంగులు.

కాబట్టి ముందు నలుపు పుయ్యాల. బాగా ఆరినాక మెత్తటి పెన్సిల్ ములికిని గరుకు కాగితం మీద అరగదీసి, ఆ పొడిని దూదితో రుద్దితే ఉక్కు రంగు వస్తాది. గట్టుల మీదే రుద్దాల, సందుల్లో నలుపు అట్లే ఉండాల. హార్డ్‌వేర్ అంగడి అల్యూమినియం పెయింటు వద్దు, మందం ఎక్కువ. 72వ వంతు సైజులో దాదాపు 16 మీటర్ల మారుత్ 22 సెంటీమీటర్లే అవుతాది, సన్న గీతలన్నీ ఆ పెయింటులో మునిగిపోతాయి. పైపులకు కరెంటు వైరులోని రాగి పోగు ఒకటి చాలు.

పొగ బయటికొచ్చే గొట్టమే అసలు పని. బుల్లెట్ బండి సైలెన్సరు వంపు చూడండి. ఇంజనుకు దగ్గరగా నీలం, తర్వాత ఊదా, ఆ తర్వాత ఎండుగడ్డి పసుపు. ఉలికి పదును పెట్టే ఫిట్టర్లు ఈ రంగులు చూసే వేడి లెక్కకట్టేవాళ్ళు. ఉక్కు 220 డిగ్రీల దగ్గర పసుపు, 300 దగ్గర నీలం. వేడి ఎటునుంచి వస్తుందో చూసుకొని అదే వరసలో, నీళ్ళంత పలచగా రంగు పుయ్యాల. తిరగేసి పూస్తే ఫిట్టరు పెద్దాయన చూసి నవ్వుతాడు.

పుస్తకంలో ఫొటో చాలదు. హెచ్.ఏ.ఎల్. మ్యూజియంలో నిజం మారుత్ ఉంది, ఇంజన్లు కూడా పెట్టినారు. పిల్లోణ్ణి తీసుకుపొయ్యి ఒక గంట నిలబెట్టండి. ఇంట్లో రిటైరైన తాత ఉంటే ఆయన్నీ తీసుకుపోండి. మన మిషన్లు తుక్కు కింద పోయినాయి, వాటికి మ్యూజియం లేదు. ఏది ఎందుకు అరిగిందో, ఎక్కడ ఎందుకు నల్లబడిందో పిల్లోడికి చెప్పగలిగినోడు ఆ తాతే.

ఒక్క మాట, అక్కయ్యలు ఇది గట్టిగా పట్టించుకోండి. ఎనామిల్ పెయింటుకు వాడే థిన్నరు పెట్రోలు మాదిరే అంటుకుంటాది, దాని ఆవిరి కూడా. మనవి ఒంటిగది ఇళ్ళు, స్టవ్వు అక్కడే, చంటిబిడ్డ అక్కడే. నీళ్ళతో కడుక్కునే అక్రిలిక్ రంగులే కొనివ్వండి. థిన్నరు ఉంటే మాత్రం పని మిద్దె మీద, పగటిపూట. సీసా మూత బిగించి, బిడ్డకు అందని చోట పెట్టాల.