అవ్వ ఫోటోకి ఏడు మెగాపిక్సెళ్ళు చాలు

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా అవ్వ నాకొక పని పెట్టింది. "నాయనా, నాదొక మంచి ఫోటో తీసి పెట్టు. నేను పోయినాక పటం కట్టియ్యాల గదా. ఆ బ్యాంకు పుస్తకంలో ఉండేది పెడితే దయ్యం మాదిరి ఉంటాది" అని. గ్యాస్ బుక్ చెయ్యమన్నంత మామూలుగా చెప్పింది.

సరే అని అరుగు మీద కూర్చోబెట్టి, ఫోన్ తీసి, పోర్ట్రెయిట్ మోడ్‌లో రెండు కొట్టి చూపించాను. ఫోన్ చేతిలోకి తీసుకుని కాసేపు చూసి "ఎవురు నాయనా ఈమె?" అనింది.

జోకు కాదు, నిజంగానే అడిగింది. తీరిగ్గా చూస్తే నాకూ అర్థమైంది. రంగు రెండు మెట్లు తేలింది. చెంపల మీద ముడతలు మాయం. నుదుటి మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు మరకలాగా అలుక్కుపోయింది. స్పెసిఫికేషన్ ప్రకారం యాభై మెగాపిక్సెళ్ళు. అందులో మా అవ్వ లేదు.

బీరువాలో మా చిన్నాయన కెమెరా ఒకటుంది. 2007లో వచ్చిన కేనన్ పవర్‌షాట్ ఏ570 ఐఎస్. 7.1 మెగాపిక్సెళ్ళు, నాలుగు రెట్లు జూమ్. అంగట్లో దొరికే పెన్సిల్ సెల్లు రెండు వేస్తే లేచి కూర్చుంది. మిగిలిన సెలవులన్నీ దీన్నీ ఫోన్‌నీ పక్కపక్కన పెట్టి పరీక్షించడానికే సరిపోయాయి. మనకు వేరే పనేముంది :-)

ముందు లెక్కలు. ఈ కాంపాక్ట్ సెన్సర్ 1/2.5 అంగుళాల రకం. అంటే దాదాపు 5.8 మిల్లీమీటర్ల వెడల్పు, 4.3 ఎత్తు. కందిగింజంత. ఇప్పటి ఖరీదైన ఫోన్లలో కొన్నింటికి ఉండే 1/1.3 అంగుళాల సెన్సర్ విస్తీర్ణం దీనికి మూడింతలు ఉంటుంది. కాబట్టి "ఎంతైనా కెమెరా కెమెరానే" అనే మాట కాగితం మీదే నిలబడదు. మరి ఫలితాల్లో?

మొదటి పరీక్ష గండికోట. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. మిట్టమధ్యాహ్నం పెన్నా లోయ అంచున నిలబడితే పైన మండే ఆకాశం, కింద నీడలో ఉన్న లోయ. డైనమిక్ రేంజ్‌కి ఇంతకన్నా కఠినమైన ప్రశ్నపత్రం ఉండదు. కాంపాక్ట్ చేతులెత్తేసింది. లోయ కనిపించేలా తీస్తే ఆకాశం తెల్ల కాగితం, ఆకాశం నిలబెడితే లోయ బొగ్గు. ఇది ఈ ఒక్క మోడల్ తప్పు కాదు. అంత చిన్న సెన్సర్‌తో, ఒకే ఎక్స్‌పోజర్‌తో, ఆ కాలం కాంపాక్ట్ ఏదైనా ఇంతే. ఫోన్ నాలుగైదు ఫ్రేములు తీసి కలిపేస్తుంది కాబట్టి రెండూ దక్కాయి. కానీ వంద శాతం జూమ్ చేసి అవతలి గట్టు మీది ముళ్ళకంపలు చూస్తే ఫోన్‌లో అవి పచ్చరంగు పూత. కాంపాక్ట్‌లో, ఐఎస్ఓ 80 దగ్గర, కొమ్మలు కొమ్మల్లాగే ఉన్నాయి. ఇంకో మాట. షార్ప్‌గా వస్తుందని ఎఫ్ 8కి మూశాను, ఇంకా మెత్తబడింది. ఇంత చిన్న పిక్సెళ్ళకి డిఫ్రాక్షన్ ముందే తగులుకుంటుంది. ఎఫ్ 4 దగ్గరే నయం.

రెండోది బెలూం గుహలు. 2022 నుంచి నంద్యాల జిల్లా. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1980లలో జర్మన్ బృందం కొలతలు వేసింది, 2002లో జనానికి తెరిచారు. పొడవు 3,229 మీటర్లు, మనం తిరగగలిగేది అందులో దాదాపు సగం. లోపల చీకటి, అక్కడక్కడా పసుపు దీపాలు. ఐఎస్ఓ 800 పెడితే కాంపాక్ట్ ఫోటో ఎర్రపచ్చ రవ్వల ఉప్మా. ఫోన్ చేత్తో పట్టుకుని తీసినా శుభ్రంగా వచ్చింది. ఇందులో మాయ లేదు, గణితం. తొమ్మిది ఫ్రేములు సగటు తీస్తే నాయిస్ మూడో వంతుకి పడిపోతుంది. అయితే కాంపాక్ట్‌ని ఒక బండ మీద ఆనించి, ఐఎస్ఓ 80, నాలుగు సెకన్లు, సెల్ఫ్ టైమర్ పెట్టి తీస్తే ఫోన్‌కి దీటుగా వచ్చింది. నేర్చుకున్నదేమంటే, మనం క్వాలిటీ అని కొలిచేదాంట్లో కొంత కెమెరాది, కొంత మన ఓపికది.

ఇక్కడే ఒక చిక్కు. కాంపాక్ట్‌లో రాయి పసుపు, ఫోన్‌లో రాయి తెలుపు. ఏది కరెక్టు? నాకు తెలియదు. పోల్చుకోవడానికి నా దగ్గర అసలు లేదు. రెండు ఫోటోలు పక్కన పెట్టి "ఇది బాగుంది" అనడం టెస్టింగ్ కాదు, ఇష్టం. ఆశించిన అవుట్‌పుట్ ఏమిటో రాసుకోకుండా టెస్ట్ కేస్ పాస్ అయిందని చెబితే మన లీడ్ ఊరుకుంటాడా?

కాబట్టి మూడో పరీక్షకి అసలు పక్కనే ఉండాలి. మా నాయన తెల్ల పంచె కట్టుకుని నల్లరేగడి శనగచేలో నిలబడ్డాడు. ఏ కెమెరా మీటరైనా ఎదురుగా ఉన్నది సగటున నడిమి బూడిదరంగు అనుకుంటుంది. నల్లనేల చూసి "అయ్యో చీకటి" అని వెలుగు పెంచింది, పంచె కాలిపోయింది. ఒక స్టాప్ తగ్గిస్తే పంచె మడతలు వచ్చాయి, ముఖం నీడలోకి పోయింది. ఫోన్ రెండూ చూపించింది, కానీ నాయన ఎండ మొహమే చూడని ఏసీ మనిషిలా ఉన్నాడు. ఎదురుగా ఆయన్ని పెట్టుకుని చూస్తున్నా కదా, ఈసారి కరెక్టు ఏదో తెలుసు. రెండూ కాదు.

అసలు సంగతి ఇక్కడుంది. ఫోటోలో సరైన చర్మం రంగు ఏదో ఎవరో ఒకరు ముందే తేల్చి పెట్టి ఉంటారు. ఫిల్ము కాలంలో కొడాక్ ల్యాబులకు పంపిన షిర్లీ కార్డుల మీద ఉండేది తెల్లజాతి అమ్మాయి. ఆమె సరిగ్గా వస్తే ప్రింటర్ సరిగ్గా ఉన్నట్టు. రకరకాల చర్మాలున్న కార్డులు వచ్చేసరికి 1990లు. గూగుల్ రియల్ టోన్ పేరుతో ఇదే సమస్య మీద పని మొదలుపెట్టి చెప్పుకుంది 2021లో. మన దగ్గర దీనికి తోడు ఇంకో రోగం ఉంది. తెల్లగా చేస్తే కొనేవాడు సంతోషిస్తాడని లెక్క. ఆ లెక్క తప్పని కూడా అనలేను, పెళ్ళి ఆల్బమ్‌లు చూశాం కదా. తప్పు మనలో కూడా ఉంది.

పాత కాంపాక్ట్ నిజం చెబుతుందనీ, సీసీడీ రంగుల్లో మాయ ఉందనీ ఈ మధ్య ఒక మోజు నడుస్తోంది. నేను ఒప్పుకోను. రంగు వచ్చేది సెన్సర్ మీది ఫిల్టర్ల నుంచీ, జేపెగ్ చేసే ప్రోగ్రామ్ నుంచీ. దాంట్లోనూ ఎవరో ఇంజినీరు ఇష్టాయిష్టాలు ఉన్నాయి. తేడా ఏమంటే ఆ 2007 ప్రాసెసర్‌కి ముఖాన్ని వెతికి ఫోకస్ చెయ్యడం వచ్చు, ముడతలు తుడిచేంత తెలివి లేదు. ఆ తెలివితక్కువతనమే ఇక్కడ మనకు పనికొచ్చింది.

మరుసటి రోజు పొద్దున ఎనిమిదింటికి అవ్వని మళ్ళీ అరుగు మీదే కూర్చోబెట్టాను. ఎండ పడని చోటు, ఎదురుగా తెరిచిన ఆకాశం. వెనక నాపరాయి. తెల్లకాగితం చూపించి వైట్ బ్యాలెన్స్ పెట్టుకుని, ఐఎస్ఓ 80లో, కొంచెం జూమ్ చేసి తీశాను. ఫోన్‌తో కూడా తీశాను, ఈసారి బ్యూటీ ఆపేసి, రా ఫార్మాట్‌లో. అది కూడా బాగా వచ్చింది, నిజం చెప్పాలి. అంటే ఫోన్‌కి చేతకాక కాదు, డీఫాల్ట్ అలా పెట్టారు. మనలో ఎంతమంది ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆ సెట్టింగ్ వెతికి ఆపుతారు?

కాంపాక్ట్ ఫోటో చూసి అవ్వ "ఆఁ... ఇది నేను" అనింది. నాకు కావలసిన టెస్ట్ రిపోర్ట్ అదే.

నా మటుకు నాకు తేలింది ఇది. కెమెరా కొనేముందు రివ్యూల్లో చార్టులు చూడండి, తప్పు లేదు. కానీ చివరి పరీక్ష మీ ఇంట్లో, మీ ఎండలో, మీ మనిషి ముఖం మీద చెయ్యండి. ఆ మనిషిని పక్కనే కూర్చోబెట్టుకుని తెర మీద పోల్చండి. మెగాపిక్సెళ్ళ దిగులు వద్దు. ఎనిమిదికి పది అంగుళాల ప్రింటుకి ఈ ఏడు మెగాపిక్సెళ్ళ ఫోటో అంగుళానికి 288 చుక్కలు ఇస్తుంది, పటానికి దండిగా చాలు.

ప్రింటుకి స్టూడియోకి పోతే అక్కడి పిల్లోడు స్క్రీన్ మీద చూసి "అన్నా, కొంచెం తెల్లగా చేసి, ఆ ముడతలు తీసేద్దునా? డబ్బులేం ఎక్కువ కాదు" అన్నాడు.

వద్దు తమ్ముడూ, ఉన్నది ఉన్నట్టు కొట్టు అన్నాను. పటం ఇప్పుడు అవ్వ మంచం ఎదురుగానే ఉంది. దండ అవసరం రాకముందే రోజూ తనే చూసుకుంటోంది.