ధర దిగినా ఖర్చు దిగదు

‘‘అన్నా, కొత్త క్రెటా టాప్ మోడల్‌కి ఇరవై లక్షలు పెట్టే బదులు ఇంకో అయిదు కలిపితే సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ ఎక్స్3 వస్తోంది. తీసుకోవచ్చా?’’

టెక్నాలజీ గురించి, కార్ల గురించి రాస్తుంటాను కాబట్టి జూనియర్ల నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో చాలామంది ఘట్‌కేసర్, ఉప్పల్ వైపు కాలేజీల్లో చదివినవాళ్లే. కొందరు ఉద్యోగంలో చేరి మూడు నాలుగేళ్లయింది. కొందరికి ఆఫర్ లెటర్ ఇంకా చేతికే రాలేదు.

ఉద్యోగం రాకముందే లగ్జరీ కారు మీద మనసు పడటంలో తప్పేం లేదు. అవుటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఈ వైపు భూముల ధరలు పెరిగాయి. ప్లాటు అమ్మిన డబ్బుతో ఇంటి ముందుకు పెద్ద ఎస్‌యూవీ వచ్చిన కుటుంబాలు మన చుట్టూనే ఉన్నాయి. పెళ్లి సంబంధాల మాటల్లో ‘అబ్బాయికి కారుందా’ అన్న ప్రశ్న ‘ఏం కారుంది’గా మారింది. కాబట్టి కోరిక సహజం. కానీ నా జవాబు మాత్రం ఒక్కటే: ఉద్యోగంలో మొదటి అయిదేళ్లలో, అప్పు చేసి అయితే వద్దు. ఎందుకో లెక్కేద్దాం. క్యాంపస్‌లో సీటీసీ వేరు, చేతికొచ్చే జీతం వేరు అని చెబుతారు కదా. కార్లలోనూ అంతే. కొనే ధర వేరు, ఉంచుకునే ఖర్చు వేరు.

కొత్తదైతే ఎంత?

మిడ్‌సైజ్ లగ్జరీ ఎస్‌యూవీ అంటే మన దగ్గర ప్రధానంగా నాలుగు పేర్లు: బీఎండబ్ల్యూ ఎక్స్3, మెర్సిడెస్ బెంజ్ జీఎల్‌సీ, ఆడి క్యూ5, వోల్వో ఎక్స్‌సీ60. నాలుగూ మన దేశంలోనే తయారవుతాయి. ఎక్స్3 చెన్నైలో, జీఎల్‌సీ పుణె దగ్గర చాకన్‌లో, క్యూ5 ఔరంగాబాద్‌లో, ఎక్స్‌సీ60 బెంగళూరు దగ్గర హోస్కోటెలో. తయారవుతాయి అన్నా, నిజానికి విడిభాగాలు చాలావరకు విదేశాల నుంచి పెట్టెల్లో వస్తే ఇక్కడ బిగిస్తారు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ తరగతి పెట్రోల్, డీజిల్ కార్లపై జీఎస్టీ 40 శాతం. అంతకుముందు 28 శాతం జీఎస్టీ, దానిపై 22 శాతం సెస్సు కలిపి 50 శాతం ఉండేది. అంటే పాత పన్నుతో 75 లక్షలున్న కారు లెక్క ప్రకారం 70 లక్షలకు దిగాలి. ఆ 70 లక్షలనే తీసుకుందాం. తెలంగాణలో ఇలాంటి కారుకు లైఫ్ ట్యాక్స్ కనీసం 18 శాతం లెక్క వేసుకున్నా 12 లక్షల 60 వేలు. బీమా, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపితే రోడ్డెక్కేసరికి 85 లక్షలు దాటుతుంది. పది లక్షలు దాటిన ఏ కారుకైనా షోరూం వాళ్లు ఒక శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది కాబట్టి దాన్ని ఖర్చు కింద వేయక్కర్లేదు.

ఇప్పుడు ఈ 85 లక్షలు ఏమవుతాయో చూడండి. బీమా కంపెనీలు కారు విలువ కట్టడానికి వాడే తరుగుదల పట్టిక ఒకటుంది. మొదటి ఏడాది నిండేసరికి 15 శాతం, రెండో ఏడాదికి 20, మూడుకు 30, నాలుగుకు 40, అయిదుకు 50 శాతం తగ్గిస్తారు. అదీ ఎక్స్‌షోరూం ధర మీద. అంటే అయిదేళ్లకు కాగితం మీద విలువ 35 లక్షలు. మార్కెట్లో అంతకన్నా తక్కువ పలికినా ఆశ్చర్యం లేదు. కట్టిన లైఫ్ ట్యాక్స్‌ను కొనేవాడు విడిగా లెక్కగట్టి ఇవ్వడు. అయిదేళ్లలో 50 లక్షలు ఆవిరి. వ్యాపారం ఉండి, చేతిలో మిగులు డబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. జీతం మీద బతికేవాళ్లకు కొత్త లగ్జరీ ఎస్‌యూవీ గురించి ఇంతకు మించి చర్చ అక్కర్లేదు.

పాతదైతే తక్కువేనా?

అసలు ఆకర్షణ ఇక్కడే ఉంది. మొదటి యజమాని 50 లక్షలు నష్టపోయాడంటే మనకు అంత లాభమే కదా అనిపిస్తుంది. సగం నిజం. ధర సగానికి పడింది. విడిభాగాల ధర పడలేదు. 25 లక్షలకు కొన్న కారు హెడ్‌ల్యాంపు పగిలితే మీకు దొరికేది 70 లక్షల కారు హెడ్‌ల్యాంపే. విదేశం నుంచి వచ్చే భాగం మీ కారు వయసు చూసి రేటు తగ్గించుకోదు.

పైగా కారు పాతబడే కొద్దీ పెద్ద ఖర్చులు వరుసకడతాయి. మొదటి రెండు మూడేళ్లు వారంటీ మోస్తుంది. టర్బో, సస్పెన్షన్, గేర్‌బాక్స్ వంటివి ఇబ్బంది పెట్టేది సాధారణంగా వారంటీ అయిపోయాకే. మొదటి యజమాని సరిగ్గా అప్పుడే ఎందుకు అమ్ముతున్నాడో ఆలోచించండి.

ఇప్పుడు నెల లెక్క. 25 లక్షల కారుకు 5 లక్షలు చేతి నుంచి కట్టి, 20 లక్షలు అప్పు తీసుకున్నారనుకుందాం. పాత కార్లకు వడ్డీ కొత్తవాటికన్నా ఎక్కువ; 13 శాతం అనుకుంటే, అయిదేళ్లకు ఈఎంఐ దాదాపు 45,500. మొత్తం వడ్డీయే 7 లక్షల 30 వేలు. బీమా ఏడాదికి 70 వేలు వేసుకుంటే నెలకు 5,800. సర్వీసు, టైర్లు, బ్రేకులు, అనుకోని రిపేర్లకు ఏడాదికి లక్షన్నర పక్కన పెడితే నెలకు 12,500. నెలకు వెయ్యి కిలోమీటర్లు, లీటరుకు పది కిలోమీటర్లు, లీటరు 107 రూపాయల లెక్కన పెట్రోల్‌కు 10,700. మొత్తం 74,500.

ఏడాదికి 12 లక్షల ప్యాకేజీ ఉన్న వ్యక్తికి పీఎఫ్ వగైరా పోను చేతికి 85 వేలు వస్తాయనుకుందాం. కారు పోగా మిగిలేది పది వేల పైచిలుకు. అందులో అద్దె, తిండి, ఇంటికి పంపేది, ఎడ్యుకేషన్ లోన్ కిస్తీ. అదే సమయంలో కంపెనీలో లేఆఫ్‌లు వస్తే? మూడు నెలలు ఖాళీగా ఉండి, మంచి ఉద్యోగం కోసం ఆగే ధైర్యం అలాంటి కిస్తీ ఉన్నవాడికి ఉండదు. దొరికిన మొదటి ఆఫర్‌కి తలూపేస్తాడు. నన్నడిగితే ఈ కారుకు మనం కట్టే అసలు ధర అదే. కెరీర్ మొదట్లో మనకుండే పెద్ద ఆస్తి ‘వద్దు’ అనగలిగే స్వేచ్ఛ. దాన్ని ఈఎంఐకి తాకట్టు పెట్టకూడదు.

అయినా కొంటామంటే...

ఇంట్లో డబ్బుంది, అప్పు అక్కర్లేదు, కొంటాం అనేవాళ్లూ ఉంటారు. మీ అన్నయ్యో మామయ్యో కొంటుంటే ఇంజినీరింగ్ చదివారని మిమ్మల్నే చూడమంటారు. అలాంటప్పుడు రంగు, సన్‌రూఫ్ చూసి బాగుందని చెప్పి రాకండి. ఇవి చూడండి.

మొదటిది నీళ్లు. 2020 అక్టోబర్ 13న కురిసిన వానకు ఘట్‌కేసర్ సింగపూర్ టౌన్‌షిప్ దగ్గర 32 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. రామంతాపూర్, హబ్సిగూడ వైపు కాలనీల్లో కార్లు నీట మునిగాయి. మునిగిన కార్లన్నీ తుక్కుకు పోవు. కొన్నింటిని శుభ్రం చేసి, సీట్లు మార్చి మళ్లీ అమ్ముతారు. సీటుబెల్టును చివరి దాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద మరక ఉంటే దొరికిపోతుంది. డిక్కీ కార్పెట్ ఎత్తి స్క్రూలకు తుప్పుందేమో చూడండి. ఏసీ వేయగానే ముక్కవాసన వస్తే అనుమానించండి. ఈ కార్లలో పదుల సంఖ్యలో ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు ఉంటాయి. ఒకసారి తడిస్తే ఏది ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. నీళ్లలో నిలిచిన కారును స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పాడైతే మామూలు బీమా పాలసీ ఆ నష్టాన్ని భరించదు, ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలి.

రెండోది ఊరు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షల వల్ల అక్కడి లగ్జరీ కార్లు చవగ్గా ఇటు వస్తుంటాయి. ఎన్‌వోసీ ఉందంటే సరిపోదు. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ ఏడాదికి మించి తిప్పాలంటే ఇక్కడ తిరిగి రిజిస్టర్ చేయించాలి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. మూడు లక్షలు తక్కువకొచ్చిందని తెచ్చుకుంటే ఆ మూడూ పన్నుకే పోవచ్చు.

మూడోది గేర్‌బాక్స్. ఎక్స్3, జీఎల్‌సీ, ఎక్స్‌సీ60లో ఉండేది టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. క్యూ5లో ఉండేది డ్యూయల్ క్లచ్. రెండూ మంచివే, కానీ ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో రోజూ గంటసేపు పాకే బండిలో డ్యూయల్ క్లచ్ ఎలా ఉందో ప్రత్యేకంగా చూడాలి. టెస్ట్ డ్రైవ్ ఖాళీ రోడ్డు మీద కాదు, సాయంత్రం ఆరింటికి నారపల్లి నుంచి ఉప్పల్ వైపు చేయండి. ఏళ్ల తరబడి ఎలివేటెడ్ కారిడార్ పనులు సాగిన ఆ దారి సస్పెన్షన్ గుట్టు కూడా విప్పుతుంది. బండి కుదుపుతోందా, గేరు మారేటప్పుడు తటపటాయిస్తోందా అన్నది అక్కడే తెలుస్తుంది.

నాలుగోది ఇంధనం. డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు హైవే వేగంతో కొంతసేపు నడవాలి. రోజూ నాచారం నుంచి తార్నాక దాకా మాత్రమే తిరిగే డీజిల్ కారులో అది మూసుకుపోతుంది. పెట్రోల్ కారైతే ఆ మోడల్ ఈ20 పెట్రోల్‌కు సరిపోతుందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి.

ఇక కాగితాలు. ఛాసిస్ నంబరుతో కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రంలో పాత రికార్డు అడిగి చూస్తే మీటరు వెనక్కి తిప్పారో లేదో బయటపడుతుంది. అప్పు ఉంటే ఆర్సీలో కనిపిస్తుంది, తీరిందని బ్యాంకు కాగితం తీసుకోవాలి. చలాన్లు చూడాలి. బీమాను 14 రోజుల్లోగా మీ పేరుకు మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, దాన్ని ధరలో కలిపి చెబితే ఒప్పుకోకండి. జీఎస్టీ తగ్గకముందు నాటి కొత్త కారు ధరను చూపించి బేరం మొదలుపెడితే అక్కడే ఆపండి. కొత్తది దిగిందంటే పాతదీ దిగాలి.

ఇవన్నీ దాటిన తర్వాత నా ఓటు మూడేళ్ల లోపు, ఒకే యజమాని, తెలంగాణ రిజిస్ట్రేషన్, వారంటీని పొడిగించుకునే వీలున్న కారుకే. ఏడెనిమిదేళ్లది పదిహేను, పద్దెనిమిది లక్షలకు వస్తోందంటే అందులో అన్నిటికన్నా ఖరీదైన బేరం అదే.

ఈ చూపుకీ జీతముంది

చివరిగా ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఒక మాట. కారును ఇలా చూడటం నేర్చుకుంటే అది వృథా పోదు. పాత కార్లు కొని అమ్మే కంపెనీలకు వాటిని పరీక్షించేవాళ్లు కావాలి. బీమా సర్వేయర్లకు లైసెన్సు ఉన్న వృత్తే ఉంది. ఎక్స్3లో ఉన్న ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ను తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థకు హైదరాబాద్‌లోనే టెక్ సెంటర్ ఉంది. హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం కూడా ఇక్కడే ఉంది. మెకానికల్, ఈసీఈ చదివి ‘కోర్ జాబ్స్ లేవు’ అని నిట్టూర్చేవాళ్లు ఒక ఓబీడీ స్కానర్ కొనుక్కుని, తెలిసినవాళ్ల కార్లలో ఎర్రర్ కోడ్‌లు చదవడం మొదలుపెట్టండి. నాచారం షెడ్లలో ఒక నెల కూర్చుంటే క్లాసులో విన్న డయాగ్నస్టిక్స్ కళ్లెదుట కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్టు ఏం చేశావ్’ అంటే చెప్పడానికి డౌన్‌లోడ్ చేసిన రిపోర్టుకన్నా అది గట్టిగా నిలబడుతుంది.

లగ్జరీ కారు కావాలనుకోండి, తప్పకుండా కావాలనుకోండి. కానీ షోరూంకు వెళ్లేముందు ఒక ప్రయోగం చేయండి. ఆ 74,500 రూపాయలను ఆరు నెలలపాటు, ఒక్క నెలా తప్పకుండా, పక్క ఖాతాలో వేసి చూడండి. ఇబ్బంది లేకుండా వేయగలిగితే మీ చేతిలో దాదాపు నాలుగున్నర లక్షలుంటాయి, కారు గురించి అప్పుడు మాట్లాడుకుందాం. రెండో నెలకే ఆగిపోతే, కారు కొనకుండానే జవాబు దొరికినట్టే.