మన కొండ నిప్పుకొండేనా?

అనకాపల్లి చుట్టుపక్కల పిల్లలకు కొండ ఎక్కగానే వచ్చే సందేహం ఒకటున్నది. ఎండలో మాడినట్టుండే ఆ రాళ్ళను చూసి, "ఈ కొండ ఒకప్పుడు నిప్పు కక్కిందా?" అని అడుగుతారు. పక్కనున్న పెద్దవాళ్ళు కూడా తోచినట్టు "ఔను" అనేస్తారు. ఈ నెల నడకలో ఆ సంగతి తేల్చుకుందాం. అందుకు ఒక్క కొండ చాలదు, రెండు చోట్లకు వెళ్ళాలి. మొదటిది మన ఊరి పక్కనే ఉన్నది. రెండోది గోదావరి ఒడ్డున ఉన్నది.

అనకాపల్లి నుంచి శంకరం గ్రామం మూడు నాలుగు కిలోమీటర్లుంటుంది. తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదరకముందే బొజ్జన్నకొండ ఎక్కి దిగవచ్చు. సంఘారామమే శంకరం అయిందనీ, బుద్ధుని కొండే బొజ్జన్నకొండ అయిందనీ చెబుతారు. ఇక్కడ బౌద్ధ భిక్షువులు కొండను తొలిచి గుహలు చేశారు. పక్కనున్న లింగాలకొండ మీద వరుసలు వరుసలుగా రాతి స్తూపాలు చెక్కారు. అలెగ్జాండర్ రే అనే పురాతత్వ శాస్త్రజ్ఞుడు 1907-08లో ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. ఇప్పుడిది పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. కనుక ఇక్కడి రాతిని కొట్టకూడదు, గీకకూడదు, దాని మీద పేర్లు రాయకూడదు. కొండ కింద, దారి పక్కన పడి ఉన్న రాయినే చేతిలోకి తీసుకుని చూడండి.

ఏం కనిపిస్తుంది? ఎరుపూ గోధుమా కలిసిన రంగు. చారలు చారలుగా, మడతలు మడతలుగా ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి రవ్వలుంటాయి. అవి గార్నెట్లు. అక్కడక్కడ బూడిదరంగు తళుకు కూడా ఉండవచ్చు. దాన్ని కాగితం మీద రుద్దితే గీత పడుతుంది. అది గ్రాఫైట్, మీ పెన్సిల్లో ఉండేదే!

ఈ రాయి పేరు ఖోండలైటు. ఒరిస్సాలోని కలహండి ప్రాంతపు రాళ్ళను పరిశోధించిన వాకర్ అనే ఆయన 1902లో, అక్కడి కొండల్లో నివసించే ఖోందుల పేరు మీదుగా దీనికి ఆ పేరు పెట్టాడు. తూర్పు కనుమలలో చాలా భాగం ఈ రాయే. దానికి తోడుగా చార్నొకైటు అనే నల్లని గట్టి రాయి కూడా ఉంటుంది. ఆ పేరు వెనక కథ తమాషాగా ఉంటుంది. కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే ఇంగ్లీషు వర్తకుడి సమాధిరాయి ఉన్నది. ఆ రాయి ఏ జాతిదో మొదట పరీక్షించిన హాలండ్ అనే శాస్త్రజ్ఞుడు, సమాధిలో ఉన్నవాడి పేరే రాతికి పెట్టాడు!

సరే, ఖోండలైటు నిప్పులోంచి వచ్చిందా? వేడి మాత్రం తగిలింది, కాని అది అగ్నిపర్వతపు వేడి కాదు. ఇది మొదట నీటి అడుగున పేరుకున్న బంకమట్టి. భూమి కదలికలకు ఆ మట్టి సుమారు పాతిక కిలోమీటర్ల లోతుకు కూరుకుపోయింది. అక్కడ సుమారు 900 డిగ్రీల వేడికీ, పైనున్న బరువుకూ మాగి మాగి, వంద కోట్ల సంవత్సరాల కిందట ఈ రూపానికి వచ్చింది. తరవాత పైనున్నదంతా అరిగిపోతే బయటపడింది. కుమ్మరి ఆవంలో కుండ కాలుతుంది, కరిగి పారదు కదా? మన కొండ కూడా అలాంటిదే. కాలిన మట్టి అన్నమాట.

కొండ దిగి శారదా నది ఇసుకలో కాసేపు కూర్చుంటే ఇదే కథ రవ్వలుగా కనిపిస్తుంది. శారద మాడుగుల వైపు కొండల్లో పుట్టి, సుమారు 120 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. వస్తూ వస్తూ కొండను అరగదీసి తెస్తుంది. చేతిలో ఇసుక పోసుకుని ఎర్ర రవ్వలను ఏరండి. అయస్కాంతం ఉంటే ఇసుకలో తిప్పండి, దానికి నల్లటి రవ్వలు కొన్ని అంటుకుంటాయి. కాని వానాకాలంలో ఆ ఇసుకలోకి దిగవద్దు. మీ నెత్తిన మబ్బు లేకపోయినా, ఎగువ కొండల్లో వాన పడినా, రైవాడ జలాశయం నుంచి నీరు వదిలినా ఏటికి నీరు వచ్చిపడుతుంది. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. ఏటి ఒడ్డున పెరిగినవాళ్ళను అడగండి, వాళ్ళు కూడా ఇదే చెబుతారు.

ఇక రెండో చోటు. అనకాపల్లిలో రైలెక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. తుని, అన్నవరం వరకు కొండలు మనతో పాటే వస్తాయి, ఆ తరవాత వెనకబడిపోతాయి. సుమారు 170 కిలోమీటర్లు వెళితే రాజమహేంద్రవరం. ఊరి పక్కన కాతేరు, గోదావరి దాటి కొవ్వూరు వైపు వెళితే పంగిడి, గౌరీపట్నం. గౌరీపట్నం ఉన్నది దేవరపల్లి మండలంలో. రైవాడ జలాశయం దగ్గరి మన దేవరాపల్లి వేరు, ఇది వేరు, టిక్కెట్టు కొనేటప్పుడు జాగ్రత్త!

ఇక్కడి గుట్టలు చిన్నవి, చూడటానికి మన కొండల అందం వీటికి లేదు. కాని రాయి చేతిలోకి తీసుకోండి. నల్లగా, బరువుగా ఉంటుంది. చారల్లేవు, మడతల్లేవు. రవ్వలు భూతద్దానికి కూడా సరిగా అందనంత సన్నం. కొన్ని రాళ్ళలో చిల్లులుంటాయి, కొన్ని చిల్లుల్లో తెల్లని పూసల్లాంటివి ఉంటాయి. ఇదీ అసలైన అగ్నిశిల, బసాల్టు!

దీని గుట్టు బెల్లం గానుగ చూసిన అనకాపల్లి పిల్లలకు చెప్పనక్కరలేదు. పెనంలో మరిగే పాకానికి బుడగలొస్తాయి. అది గట్టిపడేటప్పుడు బుడగలు లోపల చిక్కుపడితే చిల్లులవుతాయి. రాతిలో చిల్లులు కూడా అంతే, అవి కరిగిన రాతిలోని వాయువులు చేసినవి. తరవాత ఎన్నడో నీటితో వచ్చిన ఖనిజాలు వాటిలో నిండి తెల్లపూసలయ్యాయి. పాకం త్వరగా చల్లారితే సన్నరవ్వ బెల్లం వస్తుంది. తీపినీరు మెల్లగా, రోజుల తరబడి చల్లారితే పెద్ద పెద్ద పలుకుల పటికబెల్లం వస్తుంది. బసాల్టు నేల మీద పారి త్వరగా చల్లారింది గనుక దాని రవ్వ సన్నం.

అయితే రాజమహేంద్రవరం దగ్గర అగ్నిపర్వతం ఉండేదా? లేదు! ఇదే అన్నిటికన్నా వింత. ఆ నిప్పు నోరు తెరిచింది ఎక్కడో పడమట, సహ్యాద్రి కొండల వైపు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట అక్కడ నేల పగిలి, వేయి డిగ్రీలకు మించిన వేడితో రాతిపాకం పొంగింది. దక్కను పీఠభూమిని పొరలు పొరలుగా కప్పింది. ఆ పొరలు మెట్లలాగా కనిపిస్తాయి గనుక వాటిని 'ట్రాపులు' అంటారు. స్వీడిష్ భాషలో ఆ మాటకు మెట్టు అని అర్థం. అక్కడి రాతినీ, గోదావరి ఒడ్డున రాతినీ పోల్చి చూసిన శాస్త్రజ్ఞులు ఇవి రెండూ ఒకే పాకమని తేల్చారు. అంటే అది దాదాపు వేయి కిలోమీటర్లు ప్రయాణం చేసింది! భూమి మీద మనకు తెలిసిన లావా ప్రవాహాలలో అన్నిటికన్నా పొడవైనది ఇదే కావచ్చునంటారు.

అంత దూరం చల్లారకుండా ఎలా వచ్చింది? కాచిన పాల మీద మీగడ కట్టిన తరవాత కింది పాలు ఎంతసేపు వేడిగా ఉంటాయో మీకు తెలుసు. లావా మీద కూడా అలాగే గట్టి పెచ్చు కట్టింది, దాని చాటున వేడిపాకం సాగిపోయింది. పాత నదుల లోయల వెంబడి వచ్చి ఉంటుందని కూడా అనుకుంటున్నారు. గోదావరి డెల్టాలో చమురు కోసం లోతుగా తవ్విన బావుల్లో కూడా ఈ రాయి తగిలింది.

గౌరీపట్నం వైపు క్వారీ గోడలను దూరం నుంచి చూస్తే రెండు నల్ల పొరల మధ్య లేతరంగు పొర ఒకటి కనిపిస్తుంది. అందులో నత్తగుల్లలూ, ఆల్చిప్పలూ రాయిగా మారి ఉన్నాయి. నాగపూరులో ఉండిన స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే ఇలాంటి గుల్లలను వర్ణించాడు. ఒక లావా చల్లారిన తరవాత, మరొకటి వచ్చేలోపు ఇక్కడ నీళ్ళు నిలిచాయి, ప్రాణులు బతికాయి అన్నమాట. 2008లో గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్తా, ఆమె తోటివారూ ఆ పొరలో కంటికి కనపడనంత చిన్న సముద్రజీవుల పెంకులను పరీక్షించి, అవి రాక్షసబల్లులు అంతరించిన వెంటనే బతికినవని చెప్పారు. వారి లెక్క ప్రకారం కింది నల్లపొర పారేనాటికి రాక్షసబల్లులు ఇంకా ఉన్నాయి, పై పొర పారేనాటికి లేవు! వాటిని చంపింది ఈ లావా పొగలా, మెక్సికో దగ్గర పడిన ఉల్కా అన్న తగవు ఇంకా నడుస్తూనే ఉన్నది.

ఇంత విలువైన గోడ పక్కనే క్రషర్ తిరుగుతుంటుంది. ఆ నల్లరాయి కంకరై రోడ్ల కిందికి పోతున్నది. క్వారీ తవ్వకపోతే ఆ లేతరంగు పొర మన కంటపడేదే కాదు, అది నిజం. ఆ పనితో ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి, అది కూడా నిజం. కాని గోడ మొత్తం కంకరైపోతే చూడటానికేమీ మిగలదు. ఎక్కడైనా ఒక్క గోడను పూర్తిగా అలాగే ఉంచి, కంచె వేసి, పక్కన తెలుగులో ఒక పలక పెడితే ఎంతో బాగుంటుంది. శంకరంలో రాతి స్తూపాలను కాపాడుకుంటున్నాం కదా!

అక్కడికి వెళ్ళదలిచిన పిల్లలు పెద్దవాళ్ళతో కలిసి, క్వారీవారి అనుమతి తీసుకుని, పేలుళ్ళు లేని వేళలోనే వెళ్ళాలి. నీరు నిండిన పాత గోతుల అంచుకు అసలు పోవద్దు. ఆ గోతులు నిట్రగా ఉంటాయి, పడితే పట్టు దొరకదు. గోడను తవ్వే పని లేదు, బయట కుప్పపోసిన రాళ్ళలోనే కావలసినన్ని చిల్లురాళ్ళు దొరుకుతాయి.

తెచ్చిన రాయిని పాత దినపత్రికలో చుట్టి, చిన్న కాగితం మీద ఏ ఊళ్ళో, ఏ తేదీన, ఏ గుట్ట పక్కన దొరికిందో రాసి, దానితో పాటే పెట్టండి. మీ ఊరి కొండ రాయి కూడా ఒకటి దాని పక్కన పెట్టి, రెంటినీ చేతుల్లో పట్టుకుని బరువు చూడండి. చీకటిగా ఉన్నా ఏది ఏదో చెప్పగలరేమో ఇంట్లో వాళ్ళతో పందెం వేయవచ్చు.