గంపకు చక్రాలు తొడిగితే

పిల్లల కోడిని గంప కింద మూయడం పల్లెల్లో పాత అలవాటే. గంప ఇవాళ వాకిట్లో, రేపు వేపచెట్టు కింద. దాన్ని పెద్దది చేసి చక్రాలు తగిలిస్తే కదిలే గూడు.

అమెరికాలోని వర్జీనియా రైతు జోయెల్ సలాటిన్ ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. ఆయన పాలీఫేస్ పొలంలో గూళ్లు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు, కింద నేలే. ఒక్కోదాంట్లో సుమారు 75 కోళ్లు. రోజూ ఒక్క మనిషి గూడును కొత్త గడ్డి మీదికి లాగుతాడు. కోళ్లకు చిగుళ్లు, పురుగులు, నేలకు ఎరువు. జరపకపోతే అదే రెట్ట గడ్డిని మాడ్చేస్తుంది, అమ్మోనియా ఘాటు కోళ్ల ఊపిరి తీస్తుంది.

మన పెరళ్లలో జరిగే తప్పు బరువు.

ఇనుప గొట్టాలు, మందపాటి రేకులతో చేసిన గూడు నెల తిరక్కుండానే మూలన పాతుకుపోతుంది. రోజూ నలుగుర్ని కేకేసి ఎవరు జరుపుతారు? వెదురో తేలిక చెక్కో చాలు. గాలివానకు పల్టీ కొట్టకుండా మూలలను గూటాలకు కట్టాలి. లాగేటప్పుడు నిదానం ముఖ్యం, వెనక అంచు కింద కోడి కాళ్లు ఇరుక్కుంటాయి. పల్చటి కోళ్ల వల కోడిని ఆపుతుంది గానీ కుక్కను కాదు. ముంగిస సంగతి చెప్పక్కర్లేదు. అరంగుళం కన్నుల వెల్డ్‌మెష్ నయం.

హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు పెరటి కోసం పుట్టినవే. వాటిని సిమెంటు గదిలో బంధించడం అన్యాయం. అయితే గూడు ఎంత కదిలినా కొక్కెర తెగులుకు టీకా తప్పదు.

కొత్తగా గూడు చేయించేవారు డబ్బిచ్చే ముందు ఖాళీ గూడును ఇద్దరు పట్టుకుని ఎత్తి చూడండి. లేవకపోతే తీసుకోవద్దు.