పన్నెండు వోల్టులే కదా!

ఆదివారం ఉదయం. గాజువాక వైపు ఒక కాలనీ. పిల్లలను రుషికొండ బీచికి తీసుకువెళ్దామని ఇంటాయన కారు తీయబోయాడు. సెల్ఫు కొడితే 'టిక్కు'మని ఊరుకుంది.

"మెకానిక్కును పిలవరాదూ?" అంది ఇల్లాలు.

"టెర్మినల్ వదులైనట్టుంది. అయిదు నిమిషాల పని. దీనికి మూడు వందలు దండగెందుకు?" అన్నాడాయన.

ఆయన ఉద్యోగం స్టీలు ప్లాంటులో. అక్కడ హెల్మెట్టు, బూట్లు, కళ్లద్దాలు లేనిదే పనిలోకి దిగడు. ఇక్కడ మాత్రం లుంగీ, బనీను, వేలికి పగడపుటుంగరం, చేతికి స్టీలు చెయిను వాచీ! స్పానరు తీసుకుని బానెట్ కింద వంగాడు. మరుక్షణం చిటపటమని నిప్పురవ్వలు, పెద్ద కేక. ఉంగరం కింద వేలు చుట్టూరా కాలిపోయింది.

ఈ ఇల్లు నేను ఊహించి చెప్పినదే. కాని ఇలాంటి ఆదివారం మీ వీధిలోనూ రావచ్చు. ఫ్యాక్టరీ గేటు లోపల ఉన్న జాగ్రత్త ఇంటి గేటు లోపల ఎందుకుండదు? "పన్నెండు వోల్టులే కదా, ఏమవుతుంది?" అన్న ధీమాయే కారణం.

షాకు కొట్టదు, మరి భయమేమిటి?

మన ఇంటి కరెంటు 230 వోల్టులు. కారు బ్యాటరీలో రెండేసి వోల్టుల గదులు ఆరు ఉంటాయి. మొత్తం పన్నెండు. పొడిచేత్తో తాకితే షాకు తెలియదు. మనల్ని మోసం చేసేది ఇదే. వోల్టులు తక్కువైనా, ఇంజనును తిప్పడానికి బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్ల కరెంటు ఇవ్వగలదు. మీ స్నానాల గదిలోని గీజరు వాడేది సుమారు పది ఆంపియర్లే!

పైగా కారు బాడీ అంతా మైనస్సే. అంటే ప్రమాదం జరగడానికి మీరు రెండు టెర్మినళ్లనూ తాకనక్కరలేదు. ప్లస్ మీద ఉన్న స్పానరు మీ ఉంగరానికి తగిలి, ఆ ఉంగరం బానెట్ రేకుకు తగిలితే చాలు. అంత కరెంటూ ఉంగరంలోంచే పారుతుంది. క్షణంలో ఉంగరం కొలిమిలో ఇనుములా కాలుతుంది. బంగారమైనా, రాగి కడియమైనా, వాచీ చెయినైనా అంతే.

ఇలా కాలితే ఏం చేయాలి? పంపు కింద చల్లని నీటి ధారలో ఇరవై నిమిషాలు ఉంచండి. వేలు వాచకముందే ఉంగరం తీసేయండి. చర్మానికి అంటుకుపోతే మాత్రం లాగకండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న, ఐసుముక్క - ఏదీ వద్దు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతం రాకుండా ఇంజెక్షను అవసరమేమో డాక్టరు చూస్తారు.

ఇంకొక మాట. నొప్పి తక్కువగా ఉంది కదా అని గాయం చిన్నదనుకోకండి. బాగా లోతుగా కాలినచోట నరాల కొసలు కూడా కాలిపోతాయి. అందుకే నొప్పి తెలియదు. వేలు చుట్టూరా కాలినప్పుడు వాపు వల్ల రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంది. అదే రోజు డాక్టరుకు చూపించాలి.

కంట్లో యాసిడ్ పడితే?

బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు అందులోని నీరు విడిపోయి హైడ్రోజన్ వాయువు పుడుతుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లున్నా, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. నీళ్లున్నాయో లేదో చూద్దామని అగ్గిపుల్ల గీసినా, చార్జరు ఆన్‌లో ఉండగానే క్లిప్పు పీకినా రవ్వ పుట్టినట్టే. "మాది నీళ్లు పోయనక్కరలేని బ్యాటరీ" అంటారా? దానికీ వాయువు పోయే రంధ్రాలుంటాయి, లోపల యాసిడ్ కూడా ఉంటుంది. అందులోని ద్రవంలో సుమారు మూడో వంతు సల్ఫ్యూరిక్ యాసిడే. పేలితే ప్లాస్టిక్ ముక్కలు, యాసిడ్ తగిలేది బ్యాటరీ మీదకు వంగి చూస్తున్న ముఖానికే.

ఇక్కడే చాలామంది పెద్ద తప్పు చేస్తారు. కళ్లు మూసుకుని, తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఆటో ఎక్కి ఆసుపత్రికి పరుగెత్తుతారు. గాజువాక నుంచి కింగ్ జార్జి ఆసుపత్రికి ఎంత వేగంగా వెళ్లినా అరగంట పడుతుంది. ఆ అరగంటా కంట్లో యాసిడ్ తన పని తాను చేసుకుపోతుంది. కనుపాప ముందు గడియారపు అద్దంలా ఉండే కార్నియా పొర మసకబారితే చూపే పోవచ్చు.

కాబట్టి గుర్తుంచుకోండి. కంట్లో యాసిడ్ పడితే మొదటి డాక్టరు మీ ఇంటి కుళాయి. పక్కనున్నవాళ్లు రెప్పలు విడదీసి పట్టుకోవాలి. దెబ్బ తిన్న కన్ను కిందివైపు ఉండేలా తల పక్కకు వంచి, ఇరవై నుంచి ముప్పై నిమిషాలపాటు ధారగా నీళ్లు పోస్తూనే ఉండాలి. కాంటాక్ట్ లెన్సుంటే తీసేయాలి. రుద్దకూడదు. ఆముదం, చనుబాలు, రోజ్‌వాటరు వేయకూడదు. యాసిడ్‌కు విరుగుడని వంటసోడా కలిపిన నీళ్లు అసలే వద్దు. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బాగా కడిగిన తర్వాత, మంట తగ్గినా సరే, కంటి డాక్టరుకు చూపించి తీరాలి.

ఫ్యూజు బదులు సిగరెట్టు కాగితమా?

ఫ్యూజు కాలితే సిగరెట్టు పెట్టెలోని వెండి రంగు కాగితమో, రాగి తీగో చుట్టేస్తారు కొందరు. పదిహేను ఆంపియర్ల చోట ముప్పైది పెడతారు మరికొందరు. ఫ్యూజు కాలిందంటే లోపల ఏదో చెడిందని కబురు. ఆ కబురు తెచ్చినవాడి నోరు నొక్కేస్తే, ఈసారి కాలేది వైరు. ఎక్కువ వెలుగు కోసం పెద్ద బల్బులు వేయించినా ఇదే గతి. కాలే వైరు తొడుగు పొగలో ఊపిరితిత్తులను మండించే వాయువులుంటాయి. కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది. పొగ కనిపించగానే కారు ఆపి అందరూ దిగి దూరంగా వెళ్లండి. బానెట్ ఎత్తకండి. ఎత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది. పొగ పీల్చినవారికి గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మన విశాఖ గాలి

మనది సముద్రపు ఊరు. ఉప్పు గాలికి లోహాలు త్వరగా తుప్పు పడతాయి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటుంది. దాన్ని వట్టి చేత్తో గోకకండి. అందులో సీసం ఉంటుంది. ఆ చేత్తో అన్నం తింటే విషం తిన్నట్టే.

తుపాను రోజుల్లో మరో ముప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు సెల్‌ఫోన్ల చార్జింగు కోసం కారు ఇంజను నడపాలనిపిస్తుంది. మూసిన షెడ్డులో మాత్రం నడపవద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వరద నీట మునిగిన కారును మెకానిక్కు చూడకుండా స్టార్టు చేయవద్దు.

మీరే చేసుకుంటారా? అయితే ఇలా చేయండి

ఉంగరం, వాచీ, గొలుసు, కడియం తీసి ఇంట్లో ఇచ్చి రండి. ఇంజను ఆపి తాళం చెవి తీయండి. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు రబ్బరు గ్లవ్స్, కాళ్లకు చెప్పులు ఉండాలి. పిల్లలు దూరంగా ఉండాలి. పక్కన ఒక బకెట్ నీళ్లు, చెంబు పెట్టుకోండి.

విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. మైనస్ విప్పేశాక స్పానరు బాడీకి తగిలినా నిప్పురవ్వ రాదు.

వేరే కారు నుంచి కరెంటు తీసుకుంటే ఎర్ర వైరు ప్లస్ నుంచి ప్లస్‌కు వేయండి. నల్ల వైరు ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఆగిన కారు ఇంజను లోహానికి, బ్యాటరీకి దూరంగా తగిలించండి.

ఫ్యూజు మళ్లీ మళ్లీ కాలుతుంటే, బ్యాటరీ ఉబ్బినా, పగిలినా ఆటోనగర్‌లోని ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. కరెంటు కార్లలో నారింజ రంగు తొడుగున్న వైర్ల జోలికి అసలు పోవద్దు. వాటిలో ఉండేది పన్నెండు వోల్టులు కాదు, కొన్ని వందల వోల్టులు. అవి ప్రాణం తీస్తాయి.

ఆ ఇంటాయన తన ఉంగరాన్ని ఇల్లాలి చేతికిచ్చి వంగి ఉంటే, అయిదు నిమిషాల పని అయిదు నిమిషాల్లోనే అయ్యేది. పిల్లలు మధ్యాహ్నానికి రుషికొండలో ఉండేవారు.